రా దగ్గర ఆగింది

ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను, క్షేమాలు తర్వాత. మాట్లాడే పెట్టె చచ్చిపోయింది. మీ అన్నయ్య "కిటికీ" అని చెప్పబోతూ "కిటి" దాకా వచ్చాడు, లోపల టప్పుమంది, కాలిన వాసన వచ్చింది, తెర నల్లబడిపోయింది. రిపేరు కొట్టాయన మూత విప్పి చూసి, బోర్డు కాలిపోయిందమ్మా, ఈ రకం ఇప్పుడెవరూ తయారు చెయ్యటం లేదు అన్నాడు. విప్పిన మూత సరిగ్గా బిగించకుండానే నా చేతిలో పెట్టాడు మహానుభావుడు.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తున్నాను, రాస్తే కాస్త తేలిగ్గా ఉంటుంది. నరాల జబ్బు ముందు నోటిని పట్టుకుంది. బస్సులో ముందు తలుపు దగ్గర అరిస్తే వెనక సీటులో నిద్రపోయేవాడు లేచేవాడు, డిపోలో అందరూ మైకు అని పిలిచే కండక్టరు, ఆయనకి మాట పోయింది. అప్పట్నుంచీ ఆ పెట్టే ఆయన నోరు. తెర మీద అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వెలగటం, కావలసిన దాని దగ్గర ఆయన ఒక్క మీట నొక్కటం, మాట పూర్తయ్యాక అది నీ గొంతుతో పలకటం. ఇన్నాళ్ళూ మా ఆయన నీ గొంతుతోనే నన్ను విసుక్కున్నాడు. నువ్వు నీ కంప్యూటర్ల కొట్లో కూర్చుని రికార్డు చేసినప్పుడు వీధిలో ఏదో బస్సు వెళ్ళినట్టుంది, "ఖ" వచ్చినప్పుడల్లా వెనక హారన్ మోగుతుంది. అందుకే ఆయనకి "ఖాళీ" అనే మాటంటే ముద్దు. అవసరం ఉన్నా లేకపోయినా అనేవాడు.

పాత కంప్యూటర్లు అమ్మే చోట ఒక పెట్టె తెచ్చాను. నువ్విచ్చిన సీడీలు రెండూ ఉన్నాయి, పాత సిస్టంది ఒకటి, నీ ప్రోగ్రాంది ఒకటి. తెచ్చిన పెట్టెలో కొత్త సిస్టం ఉంది. అందులో నీ ప్రోగ్రాం వేస్తే, ఇది ఈ కంప్యూటర్లో నడవదు అని ఒక ముక్క చెప్పి మూసుకుంది. సరే, పాత సిస్టమే ఎక్కిద్దామని ఆ సీడీ పెట్టాను. కాసేపు గిర్రుమని తిరిగి, తెర అంతా నీలం అయింది, దాని నిండా ఇంగ్లీషు. ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నీలమే.

ఈలోపు మా బైండింగు షాపు నుంచి గట్టి అట్ట ఒకటి తెచ్చి దాని మీద అక్షరాలన్నీ రాశాను. ఆయన వేలితో చూపిస్తాడు, నేను చదువుతాను. కానీ నా సంగతి నీకు తెలుసుగా. ఎవరు మాట మొదలుపెట్టినా ముగించేది నేనే. "మ" చూపించగానే "మందా? మంచినీళ్ళా? మడమ నొప్పా?" అంటాను. ఆయన అట్టని తోసేస్తాడు. ఆ పెట్టె ఆయన పూర్తి చేసేదాకా నోరు మూసుకుని ఉండేది, నా వల్ల కావటం లేదు. ఆయన మాట ఆయన చివరిదాకా చెప్పుకోవాలి, నాకింకేం అక్కర్లేదు. నువ్వొకసారి వస్తే ఒక పూట పని.

మీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం

వదినకి,

సముద్రం బాగోలేక పడవ ఆలస్యంగా వచ్చింది, అందుకే ఈ జవాబు ఆలస్యం. అన్నయ్యకి ఎంత విసుగ్గా ఉంటుందో ఊహించగలను.

రావటం ఇప్పట్లో కుదిరేలా లేదు. ఇక్కడ గాలి, వాన, ఎండ కొలిచి రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. నా బదులు ఇంకొకరిని పంపితే తప్ప కదలకూడదు. పైవాళ్ళకి రాశాను, చూద్దాం. ఫోను లేదు, రేడియో ఉన్నా అది లెక్కలు పంపటానికే. ప్రోగ్రాంని కొత్త సిస్టంకి తగ్గట్టు మార్చి రాద్దామంటే, కొట్టు ఖాళీ చేసినప్పుడు దాని అసలు కాపీ ఎక్కడో పోయింది. కాబట్టి పాత సిస్టం ఎక్కించటం ఒక్కటే దారి. ఉత్తరాల్లోనే బాగు చేద్దాం, భయపడకు.

ఆ నీలం తెర మీద ఇంగ్లీషు అంతా నువ్వు చదవక్కర్లేదు. కింద "స్టాప్" అని ఉంటుంది. దాని పక్కన ఒక సున్నా, ఎక్స్, ఆపైన బోలెడు సున్నాలు, చివర రెండు గుర్తులు. ఆ చివరి రెండే నాకు కావాలి. వాటిని బట్టి ఎక్కడ ఇరుక్కుందో చెప్పగలను. అది కాయితం మీద రాసి పంపు.

అన్నయ్య చెయ్యి ఎలా ఉంది?

నీ మరిది


ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

చివరి రెండూ ఇవి: ఏడు, బి. 7బి. పెద్ద బి. ఎనిమిదేమోనని భూతద్దం పెట్టి మరీ చూశాను, బి యే.

షాపులో నోటుపుస్తకాల పని ఎక్కువగా ఉంది, బళ్ళు తెరిచే ముందు ఎప్పుడూ ఉండేదే. పొద్దున్న ఆయనకి అన్నీ అమర్చి వెళ్తాను. పక్క వాటా టీచరమ్మ మధ్యమధ్యలో వచ్చి చూసిపోతుంది. ఆవిడ మీ అన్నయ్యతో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు గట్టిగా, విడివిడిగా మాట్లాడుతుంది. మాట పోయింది కానీ చెవులు బాగానే ఉన్నాయండీ అని చెప్పాను. అప్పట్నుంచి నాతో కూడా అలాగే మాట్లాడుతోంది.

చెయ్యి అడిగావు. బాగానే ఉంది. కాస్త నీరసం, అంతే.

మీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం

వదినకి,

నువ్వు పంపిన 7బి ఎంత పనికొచ్చిందో చెప్పలేను. సంగతి ఇది. నీ పెట్టె కొత్త కాలంది, సీడీ పాత కాలంది. పెట్టెలో డిస్కు ఉంది, బాగానే ఉంది, కానీ దాన్ని గుర్తుపట్టటం సీడీకి రాదు. ఇంటి ముందు నిలబడి ఇల్లెక్కడ అని అడుగుతోందన్న మాట. ఎక్కడ దించాలో తెలియక చేతులెత్తేస్తోంది.

రెండు మార్గాలున్నాయి. పెట్టె ఆన్ చేసిన వెంటనే డిలీట్ అనే మీట నొక్కుతూ ఉంటే సెట్టింగుల తెర వస్తుంది. అందులో డిస్కుకి సంబంధించిన వరసలో "ఏహెచ్‌సీఐ" అని ఉంటే దాన్ని "ఐడీఈ" కి మార్చు. అంతటితో అయిపోవాలి.

కొన్ని పెట్టెల్లో ఆ వరసే ఉండదు. లేకపోతే ఈ ఉత్తరంతో పంపిన ఫ్లాపీ వాడు. డిస్కుని ఎలా గుర్తుపట్టాలో చెప్పే ఫైలు అందులో ఉంది. సీడీ తిరగటం మొదలైన కాసేపటికి తెర అడుగున ఒక తెల్ల వరస కనిపిస్తుంది, అప్పుడు ఎఫ్ సిక్స్ నొక్కాలి. అది ఎంతోసేపు ఉండదు, కాచుకుని ఉండు. తర్వాత ఫ్లాపీ పెట్టమని అదే అడుగుతుంది. ఖాళీ ఫ్లాపీ ఇక్కడ లేకపోతే, మా కేంద్రం వంటాయన ఇంటికెళ్ళి వస్తూ రేవులో దొరకబుచ్చుకుని తెచ్చాడు.

నీరసానికి డాక్టరు ఏమన్నాడు?

నీ మరిది


ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

నువ్వు చెప్పిన వరస నా పెట్టెలో లేదు. అన్ని తెరలూ తిప్పి చూశాను. తేదీ మార్చేది ఉంది, ఫ్యాను వేగం చూపించేది ఉంది, అది మాత్రం లేదు.

ఫ్లాపీ వచ్చింది. కవరు మీద వెయ్యాల్సిన ముద్ర పోస్టాఫీసు వాళ్ళు ఫ్లాపీ నడినెత్తిన గుద్దారు. అయినా తుడిచి పెట్టుకున్నాను. తెల్ల వరస రాగానే ఎఫ్ సిక్స్ నొక్కాను. కాగితాలు మడిచీ మడిచీ నా వేళ్ళు చురుగ్గానే ఉంటాయి కదా, రెండూ టకటకా నొక్కాను. ఫ్లాపీ మాటే ఎత్తలేదు. నీలం తెర, 7బి. మళ్ళీ ఆపి మళ్ళీ మొదలు. ఇంకా వేగంగా నొక్కాను. 7బి. సెలవు పెట్టుకున్న రోజంతా దాని ముందే అయిపోయింది. మీ అన్నయ్య మంచం మీద నుంచి చూస్తూ ఉన్నాడు. మొదట ఆశగా చూశాడు, తర్వాత నా తృప్తి కోసం చూశాడు, ఆఖర్న కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, వంటింట్లోకి వెళ్ళి.

ఒక మాట అడుగుతాను. నీ ప్రోగ్రాంలో అక్షరాలు వెలిగే వేగం తగ్గించొచ్చా?

ఇంకో మాట. మీ వంటాయన ఇంటికెళ్ళి వచ్చాడన్నావు. సెలవులు వంటవాళ్ళకేనా, గాలి కొలిచేవాళ్ళకి లేవా?

మీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం

వదినకి,

నీ ఉత్తరం మొదటిసారి చదివి, ముద్ర దెబ్బకి ఫ్లాపీ పాడైందనుకున్నాను. ఇంకోటి తయారు చేద్దామని లేచాను కూడా. ఎందుకో మళ్ళీ చదివితే అప్పుడు తగిలింది. "రెండూ టకటకా నొక్కాను" అన్నావు. రెండూ ఏమిటి వదినా? ఎఫ్ ఒకటి, ఆరు ఒకటి నొక్కావా?

ఎఫ్ సిక్స్ అంటే ఒకే మీట. కీబోర్డులో అన్నిటికన్నా పై వరసలో, చిన్నగా, ఎఫ్6 అని ఒక్క దాని మీదే రాసి ఉంటుంది. నేను నవ్విన నవ్వుకి వంటాయన గరిట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తర్వాత నవ్వు రాలేదు. ఈ ఒక్క ముక్క ముందే రాసి ఉంటే ఒక పడవ కలిసొచ్చేది. తప్పు నాదే. ఎన్నో ఏళ్ళు కొట్లో కూర్చున్నవాణ్ణి, అందరికీ తెలుసనుకున్నాను.

ఆ ఫ్లాపీతోనే మళ్ళీ చెయ్యి. పోతే అప్పుడు చూద్దాం.

వేగం తగ్గించొచ్చు. ప్రోగ్రాం ఉన్న చోటే "వేగం" అని చిన్న ఫైలు ఉంటుంది, అందులో ఒకే ఒక అంకె. అది పెంచితే అక్షరాలు నిదానిస్తాయి. కానీ ఎందుకు? ఇప్పటికే నత్తనడక అని అన్నయ్య నన్ను తిట్టేవాడు.

సెలవు సంగతి పైవాళ్ళ దగ్గరే ఉంది. వంటాయనది వేరే లెక్క.

నీ మరిది


ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

నవ్వుకో నాయనా, నవ్వుకో. షాపులో మా మేస్త్రీకి చెబితే, నేనైనా రెండే నొక్కేవాణ్ణమ్మా అన్నాడు. అది నాకు చాలు.

ఒక్క మీటా నొక్కాను. ఫ్లాపీ అడిగింది. ముద్ర పడ్డా చదివింది. పసుపు గీత ఒకటి ఎడమ నుంచి కుడికి జరగటం మొదలుపెట్టింది, ఫైళ్ళన్నీ డిస్కులోకి పోతున్నాయి. మీ అన్నయ్య మంచాన్ని తెర వైపు తిప్పాను. ఇద్దరం సినిమా చూసినట్టు ఆ గీతని చూశాం. సగం దాటింది, ఇంకాస్త పోయింది, మళ్ళీ నీలం. ఈసారి చివరి రెండూ: ఐదు, సున్నా. 50. మళ్ళీ చేస్తే ఇంకాస్త ముందే ఆగింది. ఇంకోసారి చేస్తే చివరిదాకా వచ్చి ఆగింది. దానికి ఒక పద్ధతీ పాడూ లేదు.

చిన్నోడా, నువ్వు ఒక కోడ్‌కి మందు పంపేసరికి ఇక్కడ ఇంకోటి పుడుతోంది. పెట్టె సంగతే కాదు నేను చెబుతున్నది. నీరసం అని రాశాను కదా, అది నీరసం కాదు. కుడి చెయ్యి లేవటం లేదు. ఎడమ చేతి చూపుడు వేలు ఒక్కటే మిగిలింది, అదీ పొద్దుటి పూటే. వేగం తగ్గించమన్నది అందుకు. దూరాన ఉన్నవాణ్ణి ఎందుకు కంగారు పెట్టటమని రాయలేదు. డాక్టరు చెప్పటం, చేతులు పూర్తిగా పోయాక తర్వాత మింగటమట. ఎప్పుడు అంటే చెప్పడు. ఆ వేలు ఉన్నన్నాళ్ళే ఆయనకి మాట. ఈలోపు పెట్టె నడవకపోతే, ఆయన లోపల్లోపలే ఉండిపోతాడు, నేను బయట ఊహించుకుంటూ కూర్చుంటాను.

కొన్నాళ్ళుగా అట్ట మీద "త" చూపిస్తున్నాడు. తలగడా అన్నాను. తలనొప్పా అన్నాను. తడిగుడ్డా, తలుపా, తమలో తాము ఏమన్నా అనుకుంటున్నారా అని పక్కింటి వాళ్ళ గురించి కూడా అడిగాను. రెండో అక్షరానికి వేలు వెళ్ళేలోపే నా నోరు వెళ్ళిపోతుంది. నిన్న ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతోనో, బాధతోనో, అదీ నేనే ఊహించుకోవాలి.

మీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం

వదినకి,

50 వచ్చిందంటే డిస్కు గొడవ అయిపోయింది, ఇది మెమొరీ గొడవ. ఒక్కోసారి ఒక్కో చోట ఆగటం కూడా దాని లక్షణమే. పెట్టె పక్క మూత తియ్యి. కరెంటు ప్లగ్గు ముందు పీకెయ్యి. లోపల నిలబెట్టిన సన్నటి పొడుగాటి పలకలు రెండు కనిపిస్తాయి, జానెడుకి కాస్త తక్కువ ఉంటాయి. రెండు చివర్లా ఉన్న బిళ్ళలు కిందికి నొక్కితే అవే పైకి లేస్తాయి. వాటి అడుగున బంగారు రంగు పళ్ళ వరస ఉంటుంది, దాన్ని పెన్సిల్ రాత చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దు. పొడి దులిపెయ్యి, వేలితో తాకకు. ముందు ఒక పలకే పెట్టి చెయ్యి. ఆగితే అది తీసి రెండోది పెట్టి చెయ్యి. ఒకటి చెడిపోయి ఉంటుంది, రెండోది చాలు.

సీడీ కూడా ఒకసారి మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడువు. గుండ్రంగా తుడవకు.

వేగం ఫైల్లో అంకెని రెట్టింపు చెయ్యి. చాలకపోతే ఇంకా పెంచు. ఎంత పెంచినా ప్రోగ్రాం ఏమీ అనుకోదు.

చెయ్యి గురించి రాసింది చదివాను.

ఇక్కడ రెండ్రోజులుగా ఒకటే గాలి.

నీ మరిది


ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

పోస్టు కట్టే వేళ దగ్గర పడుతోంది, అందుకని గబగబా రాస్తున్నాను.

రబ్బరుతో రుద్దాను. మొదటి పలకతో ఆగింది. రెండోదానితో ఆగలేదు. పాత సిస్టం ఎక్కేసింది! నీ ప్రోగ్రాం వేస్తే అది కూడా తెరుచుకుంది. క ఖ గ ఘ అని వెలుగుతుంటే మీ అన్నయ్య మొహం చూడాల్సింది.

కానీ శబ్దం లేదు. ఎంత పెంచినా లేదు. నువ్వొకప్పుడు చూపించిన చోట చూస్తే పసుపు రంగు ప్రశ్నార్థకం ఒకటి ఉంది, నొక్కితే కోడ్ 28 అంది. ఇంత చేసి, దీనికీ మాట పోయింది. ఆయనా అదీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

ఆయన వేలు కూడా అయిపోయింది. మీట మీద పెడితే ఉంటుంది, నొక్కలేదు. చేతిలోకి తీసుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత ఇలా చేశాం. అక్షరాలు వెలుగుతుంటే నేను పైకి చదువుతాను. కావలసిన దాని దగ్గర ఆయన కళ్ళు మూస్తాడు. మీట నేను నొక్కుతాను. ముందు హల్లుల వరస, ఒకటి ఆపితే దాని గుణింతం, తర్వాత ఒత్తు. పెట్టె ఎంత నిదానంగా పోతే నేనూ అంత నిదానంగా పోవాలి కదా, నోరు కట్టేసుకున్నాను. ఈ మధ్యాహ్నమంతా కూర్చుంటే వచ్చింది ఇదీ:

తమ్ముణ్ణి రా

అన్నాళ్ళూ "త" అంటే నువ్వేనన్నమాట. తలగడ కాదు.

నిన్ను రమ్మంటున్నాడు. "తమ్ముణ్ణి రమ్మను" అనబోయాడు. ర దగ్గర ఆగాల్సింది, కళ్ళు మూయటం ఒక గడి ఆలస్యమై రా దగ్గర ఆగింది, అంతే. ఆ రా అయినా రమ్మనేగా. "రమ్మనేనా?" అని అడిగితే కళ్ళు గట్టిగా మూశాడు. ఇంక ఆగలేదు నేను, కాగితం తీసుకున్నాను.

నాకు సౌండు వద్దు, ఇంకో ఫ్లాపీ వద్దు. రా. మీ పైవాళ్ళకి నేను రాయనా? ఏ ముఖం పెట్టుకుని కాదంటారో చూస్తాను.

మీ వదిన


దీవి, వాతావరణ కేంద్రం

వదినకి,

పడవవాడు రేవు దగ్గర నిలబడి తొందర పెడుతున్నాడు, కాబట్టి రెండే ముక్కలు. వస్తున్నాను. ఈ పడవకి ఉత్తరం, వచ్చే పడవకి నేను. వంటాయన నా బదులు కొలతలు రాస్తాడు, అతనికి ఆ పని వచ్చు.

28 పెద్ద జబ్బు కాదు. పలికే భాగం బాగానే ఉంది, ఎలా పలకాలో చెప్పే ఫైలు లేదు, అంతే. దొరికితే తెస్తాను. అన్నయ్యకి చెప్పు.

నీ మరిది


ఇల్లు, మేడ మీద వాటా

చిన్నోడా,

ఇది నీకు అందుతుందో, నువ్వు ముందే బయల్దేరతావో తెలియదు. అయినా రాయక తప్పదు.

ఆవేళ పోస్టులో వేసి వచ్చేసరికి ఆయన నా వైపు చూడలేదు. వస్తాడులెండి, రాశాను అన్నాను. గోడ వైపు చూశాడు. సంతోషం పట్టలేకేమో అనుకున్నాను, అదీ నా ఊహే. తర్వాత ఒంట్లో బాగోక కొన్నాళ్ళు తెర జోలికే పోలేదు. మొన్న పెట్టె ఆన్ చేస్తే, ఆయన మాట ఆగిన చోటే ఉంది. తమ్ముణ్ణి రా. దాని పక్కన గీత కొట్టుకుంటూ ఉంది, ఇంకా ఉంది చెప్పు అన్నట్టు. ఆయన చూపు దాని మీదే ఉంది. చదవటం మొదలుపెట్టాను. వ దగ్గర కళ్ళు మూశాడు. తర్వాత ద, దానికి ద ఒత్తు. తర్వాత న, నా, ని, నీ, ను.

తమ్ముణ్ణి రావద్దను.

ఆయన ఆలస్యం చెయ్యలేదు చిన్నోడా. ఆ దీర్ఘం ఆయన కావాలనే పెట్టాడు. మన మాటల్లో వద్దనేది చివర్నే కదా వచ్చేది, నాలాంటి తొందర మనిషి సగంలో లేచి రమ్మనేస్తుంది. ఆవేళ కళ్ళు గట్టిగా మూసింది అవునని కాదు. ఆగవే అని.

ఎందుకు వద్దు అని అడగబోయి ఆపుకున్నాను. ఒక్క మాట కూడా అందించలేదు. నిన్నంతా కూర్చున్నాం. ఇంకో మాట వచ్చింది.

చూడలేడు.

మీ నాన్నగారు మంచాన పడ్డప్పుడు నువ్వు ఆ గదిలోకి అడుగు పెట్టలేక వీధి అరుగు మీదే కూర్చునేవాడివని, నీ వంతు కూడా తనే చేశానని ఒకప్పుడు నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ఎగతాళి చెయ్యలేదు. మీ పైవాళ్ళు, సెలవు, నీ బదులు ఇంకొకరు, ఇవన్నీ నేను నమ్మాను. ఆయన ఒక్క ఉత్తరం కూడా నమ్మలేదని ఇప్పుడు తెలుస్తోంది. నీ ఉత్తరాలు నేను చదివి వినిపిస్తుంటే, సెలవు మాట దగ్గరకి రాగానే కిటికీ వైపు చూసేవాడు.

నాకు నీ మీద కోపం ఉంది. లేదని అబద్ధం చెప్పను. ఒంటరిగా చేసీ చేసీ నా నడుం విరుగుతోంది, నువ్వు నాకు మీటల పేర్లు రాస్తూ కూర్చున్నావు. కానీ ఆయన మాటకి నా మాట కలపను. వద్దన్నాడు, వద్దన్నాడని రాశాను. రమ్మని గానీ, రావద్దని గానీ నేను చెప్పటం లేదు.

మింగటం కష్టమవుతోంది. నీళ్ళు చెంచాతో ఇస్తున్నాను.

మీ వదిన


రేవు, లాడ్జి గది

వదినకి,

నేను పడవ ఎక్కాక టపా సంచీలోంచి నీ ఉత్తరం తీసి ఇచ్చాడు పడవవాడు. కేంద్రం కాగితాలు ఇక్కడి ఆఫీసులో అప్పగిస్తే గానీ వదలరట, రేపటి బండికి బయల్దేరతాను. ఈ ఉత్తరం ఈ పూట బండికే వెళ్తుంది. నాకన్నా ముందు అందుతుంది. అందుకే రాస్తున్నాను, ఎదురుగా నిలబడి చెప్పలేను. కింద ఉన్నది అన్నయ్యకి. మధ్యలో ఆపకుండా, ఒక్క ముక్క కలపకుండా చదివి పెట్టు.

అన్నయ్యా,

నువ్వు చెప్పింది నిజం. చూడలేను. పైవాళ్ళకి నేను ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. ఇప్పుడు రేడియోలో అడిగిన రోజునే సెలవు ఇచ్చారు, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని వాళ్ళే ఆశ్చర్యపోయారు. వదిన కోడ్‌లు పంపుతుంటే నాకు హాయిగా ఉండేది. 7బి కి ఏం చెయ్యాలో నాకు తెలుసు. 50 కి తెలుసు. నీకు ఏం చెయ్యాలో తెలియదు. ఎవరికీ తెలియదని డాక్టరు చెప్పిన రోజే నేను కొట్టు మూసేశాను.

ఇప్పుడు వచ్చి ఏదో చేసేస్తానని కాదు. ఆ సౌండు ఫైలు కోసం ఈ ఊళ్ళో అన్ని కొట్లూ తిరిగాను, దొరకలేదు. ఉత్త చేతుల్తో వస్తున్నాను. గుమ్మం దగ్గర ఆగిపోతానేమో. ఆగిపోతే వదినని వెనక నుంచి ఒక తోపు తొయ్యమను, బస్సులో తలుపు దగ్గర వేలాడేవాళ్ళని నువ్వు లోపలికి తోసినట్టు. లోపలికి వచ్చాక నీ మొహం చూడలేకపోతే నీ కాళ్ళు చూస్తాను. కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లగా పైకి వస్తాను. నాకు టైం పడుతుంది, నీకు అది అలవాటేగా. నా వంతు ఈసారి నన్ను చెయ్యనీ.

నువ్వు వద్దన్నావు. నీ మాట కాదని ఎన్నడూ ఏదీ చెయ్యలేదు, ఇదొక్కటి చేస్తున్నాను. కోపం వస్తే మళ్ళీ వద్దను. వదిన ఇది చదవటం అవగానే మొదలుపెట్టు. నువ్వు "వద్దు" దాకా వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాను.

నీ తమ్ముడు